ఖుర్షిదా గిన్నెల పొడి

"ఈమె ఏ క్రషర్‌లో పనిచేస్తోందండీ? ఎన్నేళ్ళ నుంచి?"

డాక్టరమ్మ అలా అడగ్గానే ఖుర్షిదా వెనక్కి తిరిగి చూసింది. తమ వెనకాల ఇంకెవరైనా నిలబడ్డారేమో, ఆ మాట వాళ్ళనేమో అనుకుంది. ఎవరూ లేరు. పక్కన బల్ల మీద తోటికోడలు నస్రత్ ఒక్కతే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గు ఆపుకుంటోంది.

"క్రషరేందండీ! ఇది క్రషర్ గేటు కూడా చూసిన మనిషి కాదు. రాళ్ళ ఫ్యాక్టరీలో చేసేది మా ఆయన. మీరు ఆయన ఫిల్మూ దీని ఫిల్మూ తారుమారు చేసినట్టున్నారు, మళ్ళీ ఒకసారి చూడండి," అంది ఖుర్షిదా.

డాక్టరు శ్రీరమ్య చిన్న వయసు మనిషి. కసురుకోలేదు. రెండు ఎక్స్‌రేలనూ మళ్ళీ లైటు పలక మీద పెట్టి, మూలన రాసిన పేర్లు వేలితో చూపించింది.

"ఇది షేక్ సుభానీ. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. ఇది షేక్ నస్రత్. రెండు పక్కలా పైన ఈ తెల్ల చుక్కలు చూడండి. రాతి దుమ్ము ఏళ్ళ తరబడి పీల్చిన వాళ్ళలో కనిపించేవి ఇవి."

ఖుర్షిదా మూలనున్న ఆ పేర్లు మళ్ళీ చదివింది. ఇరవై ఏళ్ళుగా ఆమె భయపడింది ఒక్క ఛాతీ గురించే, అది మొగుడి ఛాతీ. మార్టూరులో రాళ్ళ పనికి మగవాణ్ణి పంపే ఏ ఇల్లాలిని అడిగినా ఆ భయం గురించి చెబుతుంది. సుభానీ రాత్రి రెండుసార్లు దగ్గితే ఖుర్షిదా లేచి కూర్చునేది. ఫ్యాక్టరీ దగ్గరికి ఎక్స్‌రే బండి వచ్చిందనీ, పనివాళ్ళకూ వాళ్ళింట్లో వాళ్ళకూ ఉచితంగా తీస్తారనీ తెలిసినప్పుడు, రానని మొరాయించిన మొగుణ్ణి దాదాపు రెక్క పట్టుకుని లాక్కొచ్చింది. ఆరు నెలలుగా దగ్గు తగ్గని నస్రత్‌ను, ఎటూ ఉచితమే కదా అని వెంట తెచ్చింది. ఆ రోజు బండి దగ్గర ఆమె మొక్కుకున్న మొక్కులన్నీ సుభానీ కోసమే. నస్రత్ కోసం ఒక్కటి కూడా మొక్కలేదు. దానికేముంది, దగ్గేగా అనుకుంది.

ఇంతకీ ఈ ఖుర్షిదా ఎవరో చెప్పకపోతే ఆ డాక్టరమ్మ గదిలో ఏం కూలిపోయిందో మీకు తెలియదు.

చిలకలూరిపేట పక్క పల్లెలో దూది ఏకి పరుపులు కుట్టే హుస్సేన్ సాహెబ్ కూతురు ఆమె. చేసుకోగలిగిన వస్తువును కొనడం ఆ ఇంట్లో తప్పు కిందే లెక్క. సబ్బు బదులు సున్నిపిండి, షాంపూ బదులు కుంకుడుకాయ. దూది ఏకేటప్పుడు ముక్కుకు తుండు కట్టుకునే తండ్రి, సాయంత్రం ఆ తుండునే ఉతికి దాంతోనే ఒళ్ళు తుడుచుకునేవాడు. ఆ ఇంటి నుంచి మార్టూరు కోడలిగా వచ్చిన ఖుర్షిదాకు బజారంటే పెద్ద వింత. అక్కడి ధరలు చూసినప్పుడల్లా ఆమె గుండె ఆగినంత పనయ్యేది. అలవాటు పడిందా అంటే, ఇరవై ఏళ్ళయినా పడలేదు.

ఒకసారి నస్రత్‌ను వెంటబెట్టుకుని పేటలో పెద్ద షాపుకి వెళ్ళింది. ఏసీ చల్లగా తగులుతుంటే అరల మధ్య తిరుగుతూ, ముఖం కడుక్కునే ట్యూబు ఒకటి తీసి ధర చదివి, "ఓర్నాయనో!" అని కేక పెట్టింది. షాపంతా తిరిగి చూసింది. సేల్స్ పిల్ల పరుగెత్తుకొచ్చింది.

"ఇందులో ఏముంటదమ్మా?" అని అడిగింది ఖుర్షిదా.

"వేపా పసుపూ ఉంటాయాంటీ. న్యాచురల్."

"మా పెరట్లో వేపచెట్టుంది. దానికీ సంగతి చెప్పొద్దు తల్లీ, రేపటి నుంచి నీడ కూడా ఊరికే ఇవ్వదు."

నస్రత్ నవ్వు ఆపుకోలేక అరల చాటుకు పోయింది. ఖుర్షిదా మాత్రం నవ్వలేదు. ఆమెది నిజమైన కోపం. ఇంటికొచ్చిన వారం రోజుల్లో వేపాకు, కస్తూరి పసుపు, పెసరపిండి కలిపి మెత్తని పొడి చేసి, వీధిలో ఆడపిల్లలున్న ప్రతి ఇంటికీ తలా ఒక డబ్బా ఇచ్చి వచ్చింది.

అలా మొదలైంది. మందారాకు, మెంతులు, కుంకుడుకాయలు ఉడికించి తలకు రసం తీసింది. లవంగం, ఉప్పు, బాదం తొక్కల బొగ్గు నూరి పళ్ళపొడి చేసింది. ఖాళీ అయిన దోమల మందు సీసాలో వేపనూనె, కర్పూరం నింపి మళ్ళీ ప్లగ్గుకు పెట్టింది. అది పేలుతుందని సుభానీ రెండు రాత్రులు వసారాలో పడుకున్నాడు. పేలలేదు, దోమలు కూడా కాస్త తగ్గాయి. మిరపకాయల తొడిమలు తీసే కూలీ ఆడవాళ్ళకు సీజన్లో అరచేతులు నిప్పులు పోసినట్టు మండుతాయి. వాళ్ళ కోసం కొబ్బరినూనెలో తేనెమైనం కరిగించి పూత మందు చేసింది. కళ్ళాల నుంచి వచ్చేటప్పుడు వాళ్ళు ఖుర్షిదా ఇంటి ముందు ఆగి, ఎర్రబడిన చేతులు చాపేవాళ్ళు. "నీ చేయి చల్లనమ్మా" అని దీవించి పోయేవాళ్ళు. ఆ దీవెనలకు ఆమె పొంగిపోయేదంటే పొంగిపోయేది. ఇందులో దాచేదేముంది? చదువు ఏడో తరగతి దగ్గరే ఆగిన మనిషికి ఊళ్ళో ఒక పేరంటూ వచ్చింది.

ఇన్ని చేసినా గిన్నెలు తోమే పొడి దగ్గర మాత్రం ఆమె ఆట సాగలేదు. గ్యాసు పొయ్యి వచ్చాక ఇంట్లో బూడిద కరువైంది. బజారు పొడి కొనాల్సి వచ్చినప్పుడల్లా ఎవరో తనను ఓడించినట్టు ముఖం మాడ్చుకునేది.

ఆరేళ్ళ కిందట, ఎండాకాలంలో, దానికీ దారి దొరికింది. సుభానీ రాళ్ళకు పాలిష్ పట్టే మిషను మీద పని చేస్తాడు. ఆ మిషను మీద ఎప్పుడూ నీళ్ళు పారుతూ ఉంటాయి. అరిగిన రాయి ఆ నీళ్ళలో కలిసి బురదగా కాలవలోకి పోతుంది. ఆ బురద పట్టిన ప్యాంటును ఖుర్షిదా బావి పళ్ళెం మీద దులిపింది. ఎండిన బురద రాలి అక్కడున్న ఇత్తడి బిందె మీద పడింది. కొబ్బరి పీచుతో అలా ఒక రుద్దు రుద్దింది. బిందె కొత్త పెళ్ళికూతురిలా మెరిసింది.

"ఏమండీ, ఈ బురద ఎవరిదండీ?" అని అడిగింది ఆ సాయంత్రం.

"ఎవరిదేందే, ఎవరికీ వద్దు. ఊరి బయట గుట్టలు పోస్తున్నారుగా. ఎవడన్నా ఎత్తుకుపోతే మా ఓనరు దండేసి దండం పెడతాడు," అన్నాడు సుభానీ.

మర్నాడే గఫూర్ ఆటోలో రెండు గోతాలు వచ్చాయి. గఫూర్ సుభానీ తమ్ముడు, నస్రత్ భర్త. ఒకే ప్రహరీలో రెండు వాటాలు వాళ్ళవి. నస్రత్ పుట్టిల్లు తుళ్ళూరు పక్కన. అక్కడి పొలాలన్నీ రాజధానికి పోయి కూలి పనులు ఆగిపోయిన రోజుల్లో ఈ ఇంటికి కోడలిగా వచ్చింది. మెత్తని మనిషి. పెద్దకోడలు ఇది చెయ్యమంటే చేసేది, అది వద్దంటే మానేది. "అక్క చెప్పింది" అంటే ఆమెకు ఇక వేరే కారణం అక్కర్లేదు. ఒక్కతే కూతురు, హీనా, ఇప్పుడు మూడో తరగతి.

గిన్నెల పొడి బాగా రావాలంటే అసలు మర్మమంతా జల్లించడంలో ఉంది. గరుకు ఉంటే గిన్నె గీరుకుపోతుంది. ఖుర్షిదా తల్లి సున్నిపిండి ఎలా జల్లించేదో ఈమె కూడా రాతిపొడిని అలాగే జల్లించాలనుకుంది. వెడల్పాటి బేసిన్ మూతికి పాత పల్చటి చీరముక్క బిగించి కట్టి, దాని మీద పొడి పోసి అరచేత్తో గుండ్రంగా రాస్తూ ఉండాలి. మెత్తనిది కిందికి దిగుతుంది, గరుకుది పైన నిలుస్తుంది. వస్త్రగాళితం అంటారు దాన్ని మనవాళ్ళు. పొడి గాలికి ఎగరకూడదు కాబట్టి తలుపులు వేసుకోవాలి, ఫ్యాను ఆపాలి. పెరట్లో ఇటుకలతో కట్టిన చిన్న గది ఉంటే, దాని కిటికీకి గోనెపట్టా కుక్కి మరీ మూసింది ఖుర్షిదా. చిటికెడు పొడి కూడా వృథా కాకూడదు! ఆ శ్రద్ధ చూస్తే ఎవరైనా మెచ్చుకోవాల్సిందే. మెచ్చుకున్నారు కూడా. ఇప్పుడు తలచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది గానీ, అప్పుడు మా వీధివాళ్ళం అందరం మెచ్చుకున్నాం.

అలా జల్లించిన దాంట్లో చాకలి సోడా, కుంకుడుపొడి, ఎండబెట్టిన నిమ్మతొక్కల పొడి కలిపితే అదే ఖుర్షిదా గిన్నెల పొడి. మార్టూరు దాటి, పేట దాటి, మిరప కూలీల ట్రాక్టర్ల మీద ఏయే ఊళ్ళకో వెళ్ళింది. జల్లించేది నస్రత్, కలిపి ప్యాకెట్లు కట్టేది ఖుర్షిదా. హీనా ముందు అంగన్‌వాడీకీ, తర్వాత బడికీ వెళ్ళగానే నస్రత్ ఆ గదిలోకి వెళ్ళి తలుపేసుకునేది. మధ్యాహ్నం బయటికొచ్చేసరికి జుట్టు, కనుబొమలు, రెప్పలు అన్నీ తెల్లగా ఉండేవి. "మా నస్రత్ పౌడరు డబ్బా కొనకుండానే పెళ్ళికూతురైందర్రా" అని ఖుర్షిదా నవ్వించేది. నస్రత్ సిగ్గుపడుతూ కొంగుతో ముఖం దులుపుకునేది. రోజూ అదే వేళాకోళం, రోజూ అదే నవ్వు. ఆరేళ్ళు.

కిందటి చలికాలంలో నస్రత్‌కు దగ్గు పట్టుకుంది. ఆర్ఎంపీ యలమందయ్య గారు ముందు సిరప్పు ఇచ్చారు, తర్వాత ఇంజెక్షన్ చేశారు, ఆ తర్వాత "వాతావరణం అట్లా ఉంది, ఏం చేస్తాం" అన్నారు. కఫం పరీక్ష చేయిస్తే టీబీ లేదన్నారు. బజారు వస్తువులు నమ్మని ఖుర్షిదా బజారు మందులు మాత్రం నమ్ముతుందా? తమలపాకు రసంలో మిరియాలు, తేనె కలిపి తానే పోసింది. ఛాతీకి కర్పూరం నూనె రాసింది. తోటికోడలికి అంత సేవ చేసే మనిషిని మా వీధిలో నేనింకొకరిని చూడలేదు. నస్రత్ మాత్రం బిందె ఎత్తితే ఆయాసపడేది, మూడు మెట్లు ఎక్కి నిలబడిపోయేది. చిక్కి ముప్పావు మనిషి అయింది. జల్లించే పని మాత్రం మానలేదు. కూర్చుని చేసేదేగా, కష్టమేముంది అని ఇంట్లో అందరూ అనుకున్నారు. ఆమె కూడా అదే అనుకుంది.

ఇదీ వరస. అందుకే డాక్టరు శ్రీరమ్య ఎక్స్‌రేలు చూపించిన రోజు ఖుర్షిదా నమ్మలేదు. ఇంటికొచ్చే దారంతా ఆటోలో తిడుతూనే ఉంది. "పేర్లు మార్చారు. ఉచితంగా తీసేవాళ్ళకు ఒళ్ళు దగ్గరుంటదా? రోజంతా రాళ్ళ దగ్గరుండే మనిషికి ఏమీ లేదంట, ఇంట్లో కూర్చునే దానికి రాతి దుమ్మంట! ఎక్కడన్నా ఉందా?"

మాట గట్టిగానే ఉంది గానీ, లోపల ఒక ఘోరం జరిగింది. అది ఆమె అప్పుడు ఎవరికీ చెప్పలేదు. ఫిల్ములు మారాయంటే ఆ మచ్చలు సుభానీవన్నమాట. నస్రత్ బతకాలంటే సుభానీ చావాలి, సుభానీ బతకాలంటే నస్రత్ చావాలి. ఏది కోరుకోవాలో తెలియక తర్వాత రెండు రోజులూ ఖుర్షిదా అన్నం ముద్ద ముందు పెట్టుకుని కూర్చుంది. ఆఖరికి ఒక పొద్దున ఇద్దరినీ ఆటో ఎక్కించి, పేటలో ఒక స్కానింగ్ సెంటర్లో మళ్ళీ ఎక్స్‌రేలు తీయించింది. ఈసారి తీసేటప్పుడు తలుపు దగ్గరే నిలబడి, లోపలికి వెళ్ళింది ఎవరో, బయటికొచ్చిన ఫిల్ము మీద రాసిన పేరేంటో తన కళ్ళతో చూసుకుంది.

అవే మచ్చలు. నస్రత్‌వే.

ఆ ఫిల్ములు తీసుకుని మళ్ళీ డాక్టరు శ్రీరమ్య దగ్గరికి వెళ్ళారు. సుభానీ రానన్నాడు, అతనికి నస్రత్ ముఖం చూడాలంటే తలకొట్టేసినట్టుంది. ఆడవాళ్ళిద్దరే వెళ్ళారు.

"మిషన్ల మీద నీళ్ళు పారుతుంటాయి కాబట్టి సుభానీ గారి దగ్గర దుమ్ము ఎగరదు. ఆయనది నాకు ఆశ్చర్యంగా లేదు," అంది డాక్టరమ్మ. "నస్రత్ గారూ, మీరు ఇంట్లో ఉండి ఏం పని చేస్తారు?"

"ఏముందండీ, వంటా, పిల్లా... అక్కకు పొడి జల్లించి పెడతా," అంది నస్రత్.

"ఏం పొడి?"

ఖుర్షిదా ముఖం ఆ రెండు రోజుల్లో మొదటిసారి కాస్త విప్పారింది. ఎక్కడికెళ్ళినా సంచిలో రెండు ప్యాకెట్లు ఉండటం ఆమె అలవాటు. ఒకటి తీసి, విప్పి, డాక్టరమ్మ బల్ల మీద కాగితంలో పోసింది. "మన రాళ్ళ ఫ్యాక్టరీ బురదేనండీ, ఎండబెట్టి జల్లిస్తాం. వేలితో చూడండి, ఎంత మెత్తగా ఉందో. బజారులో ఏ కంపెనీదీ ఇంత మెత్తగా ఉండదు. ముఖానికి రాసుకున్నా గీసుకోదు."

డాక్టరమ్మ వేలు పెట్టలేదు. "ఇంత మెత్తగా ఎలా చేశారు?"

"వస్త్రగాళితమండీ. ఓపిక ఉండాలి. తలుపులు వేసుకుని, ఫ్యాను ఆపి, కిటికీ కూడా మూసుకుని..."

చెబుతూ చెబుతూ ఖుర్షిదా ఆగిపోయింది. డాక్టరమ్మ కలం కింద పెట్టింది. ఆ కాగితాన్ని మెల్లగా, పొడి లేవకుండా మడిచి పక్కకు జరిపింది. మడిచిన ఆ తీరు చూశాకే ఖుర్షిదాకు మొత్తం అర్థమైంది. దూది దుమ్ము అంటే ఏమిటో పుట్టినప్పటి నుంచీ తెలిసిన మనిషి. దుమ్మంటే కళ్ళల్లో పడేది, గరగరలాడేది అనుకుంది. ఇంత మెత్తనిది, ఇంత శుభ్రంగా జల్లించినది దుమ్మెలా అవుతుందనుకుంది. మెత్తగా ఉంటేనే లోపలికి దిగుతుందని ఎవరు చెప్పారు ఆమెకు? ఎవరూ చెప్పలేదు.

"గిన్నెలు తోమేవాళ్ళకు?" అని అడిగింది ఖుర్షిదా.

"వాళ్ళు తడిలో తోముతారు, ఎగరదు. మూసిన గదిలో పొడిగా జల్లించే మనిషికే ఇది."

"తగ్గడానికి ఏం మందు వాడాలండీ? ఎంతయినా సరే," అంది ఖుర్షిదా. ఎంతయినా సరే అన్న మాట ఆమె నోట రావడం ఆ జన్మలో అదే మొదలు.

డాక్టరమ్మ మెల్లగా చెప్పింది. లోపల చేరిన రాయిని బయటికి తీసే మందు లేదు. ఆ పని తక్షణం మానాలి. ఆయాసం తగ్గడానికి మందులున్నాయి, టీబీ రాకుండా కనిపెట్టుకుని ఉండాలి, గుంటూరు పెద్దాసుపత్రిలో చూపించుకోవాలి. ఇక్కడితో ఆగితే ఆగవచ్చు, ఆగకపోనూ వచ్చు, ఇప్పుడే చెప్పలేం.

నస్రత్ అంతా విన్నది. విని, "మా హీనా మూడో తరగతండీ," అంది.

"పాప ఆ గదిలోకి వచ్చేదా?" డాక్టరమ్మ ఉలిక్కిపడి అడిగింది.

"లేదండీ. రానిచ్చేదాన్ని కాదు. యూనిఫాం మాసిపోద్దని."

"మరి ఎవరెవరు కూర్చుని జల్లించేవారు?"

"నేను జల్లిస్తే అక్క కలిపేది, ఇద్దరం ఆ పొడిలోనే ఉండేవాళ్ళం," అంది నస్రత్.

ఖుర్షిదా నోరు తెరవలేదు. కాదని చెప్పడానికి అది సమయం. ఆ సమయం అలా దాటిపోయింది. డాక్టరమ్మ ఇంకో కాగితం తీసి, ఖుర్షిదాకు కూడా ఎక్స్‌రే రాసింది.

ఆ ఎక్స్‌రే తీయించుకుని, దాని రిపోర్టు వచ్చేవరకు నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజుల్లో ఖుర్షిదా చిన్న గదిలోని బేసిన్లూ గుడ్డలూ గోతాలూ నీళ్ళతో తడిపి తడిపి బయటికి లాగించింది. పొడి కోసం గుమ్మంలోకొచ్చిన ఆడవాళ్ళకు "లేదు, ఇక చెయ్యను" అని మాత్రం చెప్పి పంపేసింది. "అదేందమ్మా, ఎవరి కళ్ళు పడ్డాయి?" అని వాళ్ళు జాలిపడి వెళ్ళారు. గఫూర్ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. "నువ్వేం చేస్తావు వదినా, నీకు మాత్రం తెలుసా?" అని ఆమెనే ఓదార్చాడు. ఆ ఓదార్పు ఆమెకు చెంపదెబ్బలా తగిలింది.

ఎందుకంటే ఆమెకు కొంచెం తెలుసు. పూర్తిగా కాదు, కొంచెం.

పొడి మొదలుపెట్టిన కొత్తలో రెండు నెలలు జల్లించింది ఖుర్షిదాయే. ఆ రెండు నెలలూ గొంతు మండేది. పొద్దున్నే ఉమ్మితే బూడిద రంగు కఫం పడేది. వంకాయ కొందరికి పడనట్టు ఇది తన ఒంటికి పడలేదని అనుకుంది. ఎవరికీ చెప్పలేదు. తాను తయారు చేసిన వస్తువుకు వంక ఉందని తన నోటితో ఆమె ఎలా చెబుతుంది? చెప్పకుండా ఒక రోజు నస్రత్‌ను పిలిచి, "నీ చేయి నాకంటే మెత్తన నస్రత్, నువ్వు జల్లిస్తే ఎంత బాగొస్తుందో చూడు" అంది. నస్రత్ మురిసిపోయి కూర్చుంది. వారం తిరక్కుండా ఖుర్షిదా గొంతు బాగుపడింది. బాగుపడిన సంగతి గమనించింది కూడా. గమనించి, ప్యాకెట్లు కట్టుకుంటూ వసారాలో గాలికి కూర్చుంది.

కాబట్టి ఆ నాలుగు రోజులూ ఖుర్షిదా దేవుణ్ణి ఒక్కటే అడిగింది. ఐదు పూటలా అడిగింది. నా ఊపిరితిత్తుల్లో కూడా మచ్చలుండాలి యా అల్లా, ఆ రెండు నెలలకే ఇన్ని మచ్చలు రావాలి, దానికి వచ్చిందంతా నాకూ రావాలి. వింటే పిచ్చిదంటారు. పిచ్చి కాదు. నస్రత్ ముందు తలెత్తుకుని కూర్చోవడానికి ఆమెకు ఇంకో దారి కనిపించలేదు.

రిపోర్టు గఫూర్ తెచ్చాడు. ఆటో దిగుతూనే నవ్వు ముఖంతో కేకేశాడు. "వదినా, నీకేం లేదంట! క్లీనంట! డాక్టరమ్మే చెప్పింది!"

ఖుర్షిదా వసారా మెట్ల మీద కూర్చుంది. ఊళ్ళో ఎవరికైనా ఆ కబురు పండగ. ఆమెకు మాత్రం ఎవరో చచ్చిపోయిన కబురులా వినిపించింది.

నస్రత్ తన వాటాలోంచి గోడ పట్టుకుంటూ వచ్చింది. పది అడుగుల దూరానికి మధ్యలో రెండుసార్లు ఆగింది. వచ్చి ఖుర్షిదా పక్కనే మెట్టు మీద కూర్చుని, ఆమె చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. నస్రత్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, అవి సంతోషంతో వచ్చినవే.

"అల్హమ్దులిల్లా, అల్లా దయ. నీకన్నా తప్పింది కదక్కా," అంది. "ఇద్దరం పడిపోతే హీనాను ఎవరు చూస్తారా అని నాలుగు రోజుల్నించీ కంటి మీద కునుకు లేదు నాకు. ఇంక పర్లేదు. నువ్వున్నావు."

ఖుర్షిదా చెయ్యి వెనక్కి లాక్కోబోయింది. నస్రత్ వదల్లేదు.

"ఇద్దరం అదే పొడిలో ఉన్నాం కదా, నీకెట్లా తప్పిందో చూడు. నీ ఒళ్ళు గట్టిదక్కా," అంది మళ్ళీ, మెచ్చుకుంటున్నట్టు.

గఫూర్ పొలిమేర దాకా కిరాయి ఉందని ఆటో తిప్పుకుని వెళ్ళిపోయాడు. వసారాలో ఇద్దరే మిగిలారు. ఖుర్షిదా ఊరుకుంటే ఊరుకోవచ్చు. అడిగేవాళ్ళు లేరు, చూసినవాళ్ళు లేరు. ఒళ్ళు గట్టిదన్న మాటకు ఊఁ అంటే అక్కడితో సరి, జీవితమంతా హీనాను తల్లిలా సాకిన దేవతగా బతికేయవచ్చు. ఆ ఊఁ ఆమె నాలుక చివరి దాకా వచ్చింది.

"ఒళ్ళు గట్టిది కాదు నస్రత్," అంది. "నేను ఆ గదిలో కూర్చుంది రెండు నెలలే. గొంతు మండింది, బూడిద కఫం పడింది. పడట్లేదని నేను లేచొచ్చేశా. లేచొచ్చి నిన్ను కూర్చోబెట్టా. నీ చేయి మెత్తనని చెప్పింది అందుకే. నీకు చెప్పలేదు. నా పొడికి పేరు పోద్దని చెప్పలేదు."

నస్రత్ చేతుల్లో ఉన్న ఖుర్షిదా చెయ్యి అలాగే కాసేపు ఉంది. తర్వాత ఆ చేతులు మెల్లగా విడివడ్డాయి. నస్రత్ ముఖంలో కోపం లేదు. కోపం ఉంటే ఖుర్షిదా కాళ్ళ మీద పడిపోయి ఉండేది. ఎంతో కాలంగా తెలిసిన మనిషిని ఎక్కడో కొత్తగా చూసి, గుర్తుపట్టడానికి ప్రయత్నిస్తున్నట్టు చూసింది నస్రత్. ఆ చూపు ఖుర్షిదా తట్టుకోలేకపోయింది.

"ఆ రోజే ఒక్క మాట చెబితే నేనూ లేచొచ్చేదాన్ని కదక్కా," అంది నస్రత్.

బడి వదిలే వేళయింది, హీనా వచ్చేస్తుందని, నస్రత్ మెట్టు మీద నుంచి లేవడానికి గోడకు చెయ్యి ఆనించి ఊపిరి కూడదీసుకుంటూ కూర్చుంది.